సిరిల్ టాండీ చెవులు

మార్ల్‌ఫర్డ్ పాతకార్ల క్లబ్బులో ఇప్పుడు కార్ల గురించి కంటే మోకాళ్ల గురించి మాట్లాడుకోవడమే ఎక్కువ. ఒకప్పుడు మంగళవారం సాయంత్రం ప్లౌ పబ్బులో వెనకగది కిటకిటలాడేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు బీరు గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడేవాళ్లు. ఇప్పుడు పదకొండుమంది, ఒక్క బల్ల చుట్టూ సరిపోతారు. కార్లు మాత్రం అందరివీ నిగనిగలాడుతుంటాయి. కార్లకి దొరికినట్టు మనుషులకి విడిభాగాలు దొరకవేమని వాళ్ల ఏడుపు.

ఆ పదకొండుమందిలో సిరిల్ టాండీ ఒక్కడికే సొంత కారు లేదు. చూపు మసకబారింది, ఇక నడపొద్దని డాక్టరు చెప్పిన వారంలోనే అమ్మేశాడు. షెడ్డులో ఖాళీగా నిలబెట్టుకుని రోజూ దాని మొహం చూడలేనన్నాడు. కారు లేకపోయినా ఆయన లేనిదే క్లబ్బు లేదు, ఎందుకంటే ఆయనకా చెవులుండేవి.

ఆ కాలపు మంచి బళ్లకి కార్బురేటర్లు రెండేసి ఉండేవి. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి పంపే సరంజామా అది. రెండూ సమానంగా గాలి పీల్చుకోవాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పీల్చాయంటే, తోడికోడళ్లకి పడని కాపురంలా బండి నిలువునా వణుకుతుంది. సిరిల్ మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకునేవాడు, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర ఆనించేవాడు. లోపలికి పోయే గాలి సన్నగా బుసకొడుతుంది. ముందుదాని బుస వినేవాడు, వెనకదాని బుస వినేవాడు, స్క్రూ వెంట్రుకవాసి తిప్పేవాడు. మళ్లీ వినేవాడు. రెండు బుసలూ ఒకటే అయ్యేదాకా ఇదే పని. అయ్యాక నట్టు బిగించి, నట్టు మీంచి బోల్టు మీదికి వచ్చేలా గోళ్లరంగుతో చిన్న గీత గీసేవాడు. తర్వాత ఎవరైనా పానా పెట్టి కదిపితే గీత విరుగుతుంది, దొంగ దొరికిపోతాడు. ఆ గోళ్లరంగు ఆయన భార్య డోరీన్‌ది, నేరేడుపండు రంగు. ఆ రంగు తయారు చెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. మిగిలిన సగం సీసాని ఆవిడ గోళ్లకి పెట్టుకోవడం మానేసి నట్లకి వదిలేసింది.

ఏటా ఏప్రిల్‌లో క్లబ్బు వాళ్లంతా వరసగా బళ్లేసుకుని బీకన్ కొండకి పోతారు. దానికి ముందు ఆదివారం సిరిల్ షెడ్డు ముందు సందు పొడుగునా కార్లు బారులు తీరుతాయి. డోరీన్ బ్రెడ్ పుడ్డింగు చేస్తుంది. సిరిల్ ఒక్కొక్క బండి దగ్గరా కూర్చుని వింటుంటాడు. ఆయన వింటున్నంతసేపూ ఎవరూ దగ్గను కూడా దగ్గరు. క్లబ్బు అధ్యక్షుడు వాల్టర్ పార్డో, ఒకప్పుడు మాంసం కొట్టు నడిపిన భారీ మనిషి, ఆ ఆదివారం చర్చిలోకంటే బుద్ధిగా నిలబడతాడని ఊళ్లో అందరూ అంటారు.

సిరిల్ ఈ విద్య బస్సు డిపోలో నేర్చుకున్నాడు. పదిహేనేళ్లకి చేరాడు. నేర్పినవాడు హోరేస్ బిడల్ అనే మేస్త్రీ. నోరు తెరిచి ఒక్కమాట చెప్పిన పాపాన పోలేదు. గొట్టం చెవికిచ్చేవాడు, సిరిల్ స్క్రూ తిప్పేవాడు, తప్పయితే నూనెగుడ్డతో నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు. ఏడాదిపాటు సిరిల్ నెత్తి నూనె కంపు కొట్టింది. ఒక శీతాకాలం పొద్దున స్క్రూ తిప్పుతుండగా, అప్పటిదాకా రెండుగా ఉన్న చప్పుడు ఉన్నట్టుండి ఒకటైపోయింది. రెండు నదులు కలిసినచోట నీళ్లు నిదానించినట్టు ఇంజను ఒక్కసారి కుదుటపడింది. దెబ్బ పడుతుందని తల ముడుచుకుని కూర్చున్నాడు. ఎంతకీ పడలేదు. తలెత్తి చూస్తే హోరేస్ టీ తాగడానికి వెళ్లిపోతున్నాడు. ఆ పొద్దున తలుచుకుంటే సిరిల్‌కి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఎవరికైనా నేర్పాలని ఆయన ఇరవయ్యేళ్లుగా తాపత్రయపడుతున్నాడు. వచ్చినవాళ్లు లేకపోలేదు. ఒకడికి గొట్టం చెవిలో పెట్టుకుంటే నవ్వొచ్చేది. ఒకడు రెండు వారాలు విని, ఫోనులో ఇలా వినేదేమైనా ఉంటుందేమో చూస్తానని పోయి మళ్లీ కనపడలేదు. క్లబ్బులోవాళ్లకి నేర్పుదామా అంటే, మాటలకి తప్ప ఆ సన్నబుసకి వాళ్ల చెవులు ఆయన చెవులకంటే ముందే పోయాయి.

అప్పుడు గ్వెన్ వచ్చింది.

గ్వెన్ సిరిల్ స్నేహితుడు లెస్లీ ప్రోబర్ట్ భార్య. లెస్లీ, సిరిల్ ఒకే డిపోలో పనిచేశారు, ఒకే ఏడాది కార్లు కొన్నారు. మూడు శీతాకాలాల కిందట లెస్లీ పోయాడు. అతని ముదురాకుపచ్చ రైలీ కారుని తమలో ఎవరికో అమ్మేస్తుందిలే అని క్లబ్బు వాళ్లంతా చాటుగా ఆశపడ్డారు. ఆ ఏప్రిల్ ఆదివారం రైలీ దానంతటదే వచ్చినట్టు సందులోకి తిరిగింది. దిగింది గ్వెన్. అంతవరకు క్లబ్బులో ఆడవాళ్ల పని శాండ్‌విచ్‌లు కొయ్యడమే.

"ఇది ఎలా వింటారో నాకు చూపించు," అంది గ్వెన్. "లెస్లీ ఏటా ఇక్కడికొచ్చి ఇంటికెళ్లాక నాలుగు రోజులు దీని గురించే చెప్పేవాడు. ఏముందో చూస్తాను."

"నీకెందుకు అమ్మాయ్, నేను చేసిపెడతాగా," అన్నాడు సిరిల్. గ్వెన్‌కి అరవై దాటాయి. అయినా సిరిల్‌కి ఆమె ఎప్పుడూ అమ్మాయే.

"ముప్పయ్యేళ్లు మంత్రసాని పని చేశాను. కడుపు మీద చెక్కగొట్టం పెట్టి లోపలున్న బిడ్డ గుండె విన్నదాన్ని. నీ డబ్బాల ఊపిరి వినలేనా?"

షెడ్డు ముందు నిలబడ్డ ముసలాళ్లంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. సిరిల్ మాత్రం గొట్టం తుడిచి ఆమె చేతికిచ్చాడు. వెతగ్గా వెతగ్గా ఇన్నాళ్లకి చెవులున్న మనిషి దొరికింది.

రెండేళ్లు నేర్పాడు. శనివారం శనివారం ఆమె రైలీ వేసుకుని వచ్చేది. గొట్టం పట్టుకునే తీరు ఆమెకి మొదటిరోజే వచ్చేసింది. ఒక్కచోటే ఎప్పుడూ పేచీ వచ్చేది.

"వెనకది ఎక్కువ బుసకొడుతోంది సిరిల్."

"లేదు. రెండూ సమానమే."

"నాకు వెనకదే గట్టిగా వినపడుతోంది."

"నీ చెవి ఇంకా పండలేదు అమ్మాయ్. తొందరపడకు. హోరేస్ దగ్గర నాకు ఏడాది పట్టింది."

ఆమె మళ్లీ వినేది. నొసలు చిట్లించి చాలాసేపు వినేది. చివరికి తలూపేది. రెండో ఏడు వచ్చేసరికి ఆ మాట అనడమే మానేసింది. సిరిల్ సర్ది లేచాక, "ఇదీ సమానమంటే," అని తనకి తనే చెప్పుకునేది. చెవి పండుతోందని సిరిల్ పొంగిపోయాడు.

తన చెవులు మందగించాయని సిరిల్‌కి తెలియదా అంటే, తెలుసు. మొదట తోటలో పిట్టలు పోయాయి. పక్కింటి పిల్లి పొట్టన పెట్టుకుందేమోనని దాన్ని నాలుగు తిట్టాడు. తర్వాత కెటిల్ కూత పోయింది. తర్వాత రేకుల మీద వాన చప్పుడు పోయింది. దాని కోసం మాత్రం నిజంగా బెంగపెట్టుకున్నాడు. కిటికీ అద్దం మీద వాననీళ్లు జారుతుంటే చూస్తూ కూర్చునేవాడు. డోరీన్ చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా వినికిడి యంత్రం పెట్టించుకున్నాడు. అందులో ఇంజను చప్పుడు గులకరాళ్లు పోసి ఊపిన డబ్బాలా వినపడింది. తీసి బ్రెడ్డు డబ్బాలో పడేశాడు. "మనం మాట్లాడుకునేది రొట్టెముక్కలైనా వింటాయిలే," అంది డోరీన్. అది ఆయనకి వినపడలేదు.

అయితే కార్బురేటర్లని మాత్రం తన చెవులు వదిలిపెట్టవని ఆయన గట్టి నమ్మకం. గొట్టం బుసని తెచ్చి నేరుగా చెవిలో పోస్తుంది కదా, దానికేం ఢోకా అనుకునేవాడు. తుంటి ఆపరేషను అయ్యాక ఇదివరకులా బానెట్ మీదికి గంటలకొద్దీ వంగలేక స్టూలు మీద కూర్చుని చేసేవాడు. మెడ తిప్పడం కష్టమై, ముందుదాన్ని కుడిచెవితో, వెనకదాన్ని ఎడమచెవితో వినడం అలవాటైంది. అలవాటైన సంగతి కూడా ఆయన గమనించలేదు.

ఈ ఏప్రిల్‌లో బళ్లన్నీ బీకన్ కొండకి బయల్దేరాయి. సిరిల్ గ్వెన్ పక్కన కూర్చున్నాడు. సగం కొండెక్కాక ముందు ఒక ట్రాక్టరు అడ్డొచ్చి వరసంతా నిదానించింది. అప్పుడు మొదలైంది. సీటు కింద ఏదో కుదుపు. సిరిల్‌కి చెవులతో కాదు, కూర్చున్నచోట తెలిసింది. బండి వణుకుతోంది. ముందున్న వాల్టర్ కారు వెనకభాగం చూశాడు. అది గుడ్లమీద కోడిలా వణుకు లేకుండా మెత్తగా పోతోంది. అద్దంలో చూస్తే వెనకొస్తున్న క్లబ్బు స్నేహితుడు రోలండ్ కారు కూడా అంతే.

"ఎప్పట్నించి ఇలా?" అన్నాడు.

"ఎప్పట్నించేమిటి, నువ్వు సర్దిన దగ్గర్నించీ—" గ్వెన్ నాలిక కరుచుకుంది. సిరిల్ తనవైపే చూస్తున్నాడు కాబట్టి మాట మింగలేకపోయింది. "లెస్లీ ఉన్నప్పుడూ ఇంతే అనుకున్నాను. అప్పుడు నేను నడపలేదుగా," అంది గట్టిగా.

లెస్లీ ఉన్నప్పుడు ఇంతే కాదు. లెస్లీ బానెట్ మీద నిండు కప్పు టీ పెట్టి ఇంజను నడిపేవాడు, చుక్క తొణికేది కాదు. మిగిలిన దారంతా సిరిల్ ముందు బండినీ అద్దంలో వెనక బండినీ చూస్తూ కూర్చున్నాడు. అన్ని బళ్లూ ఒకే ఆదివారం, ఒకే చేత్తో సర్దినవే. మరి ఇదొక్కటే ఎందుకు వణకాలి?

కొండమీద పచ్చిక మైదానంలో బళ్లు వరసగా ఆగాయి. మడతకుర్చీలు దిగాయి, పంది మాంసం పైలు, గుడ్డు శాండ్‌విచ్‌లు బయటికొచ్చాయి. సిరిల్ చేతికర్ర పట్టుకుని తిన్నగా వాల్టర్ దగ్గరికి వెళ్లాడు.

"బానెట్ ఎత్తు."

"ఇప్పుడెందుకురా? కూర్చో, టీ చల్లారిపోతుంది!" సిరిల్‌తో మాట్లాడాలంటే అరవాల్సిందే కాబట్టి వాల్టర్ అరిచాడు. మైదానమంతా ఇటు తిరిగింది.

"ఎత్తు వాల్టర్."

వాల్టర్ నీళ్లు నములుతూ ఎత్తాడు. సిరిల్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని వంగి చూశాడు. నట్టు మీద గీత ఉంది. విరగలేదు, చక్కగా ఉంది. కానీ అది టమాటా రంగు.

"ఇది డోరీన్ రంగు కాదు."

"ఎండకి వెలిసిందేమో!"

"బానెట్ కింద ఎండేమిట్రా?"

సిరిల్ పక్క కారు దగ్గరికి నడిచాడు. అక్కడ గులాబీ రంగు గీత. ఆ పక్కది ఇటుకరంగు. ఒక్కొక్క బానెట్టూ ఎత్తిస్తూ పోయాడు. ఎవరూ కాదనలేదు, బడిలో చేతుల శుభ్రం చూపించే పిల్లల్లా ఎవరి బండి దగ్గర వాళ్లు నిలబడ్డారు. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన రోలండ్ దగ్గరికొచ్చేసరికి సిరిల్ చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఇందులో మెరుపులున్నాయి రోలండ్."

"మందులషాపులో అదొక్కటే ఉంది సిరిల్!" రోలండ్ మొహం కందగడ్డలా అయింది. "నీది ఏ రంగో సరిగ్గా గుర్తులేదు. ఎర్రదేదైనా ఇవ్వమన్నాను. నా మనవరాలి కోసమని చెప్పాను!"

ఇంకో సందర్భంలో అయితే మైదానమంతా పగలబడి నవ్వేది. తొమ్మిదిమంది ముసలాళ్లు విడివిడిగా మందులషాపుకి పోయి, సిగ్గుపడుతూ గోళ్లరంగు కొనుక్కుని, వణికే చేతులతో నట్లకి గీతలు గీసుకున్నారు. సిరిల్ కూడా నవ్వేవాడే. ఇప్పుడు మాత్రం రోలండ్ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎన్నాళ్లనించి?"

చివరికి వాల్టరే దగ్గరికొచ్చి చెప్పాడు. రహస్యమంతా ఆయన కొండమీద గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది. "రెండేళ్లురా! నువ్వు సర్దిన మర్నాడు పక్కూరు హాల్టన్‌లో మీటరు పెట్టి గాలి కొలిచేవాడి దగ్గరికి పోతున్నాం! మొదటిసారి ఎవరికి వాళ్లం దొంగచాటుగానే పోయాం. పోతే అక్కడ రోలండ్, వాడి వెనక ఇంకొకడు! అందరం వరసలో నిలబడి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం!"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు?" వాల్టర్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఆ ఆదివారం నీ దగ్గరికి రావద్దంటే ఇంకెక్కడికి పోవాలిరా మేము? చెప్పు. బండి వణికితే సర్దుకోవచ్చు."

సిరిల్‌కి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని చూశాడు, రాలేదు. వీళ్లు తనని ఇంతగా కడుపులో పెట్టుకున్నారా అనిపించింది. అంతలో కాస్త అవతల గ్వెన్ కనపడింది. రైలీ పక్కన నిలబడి ఉంది, ఫ్లాస్కు చేతిలో అలాగే ఉంది. ఆమె పెదాలు కదిలాయి.

"ఏమంటోంది?" అన్నాడు సిరిల్.

వాల్టర్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత ఎప్పటిలాగే అరిచాడు.

"తనకి వినపడిందే నిజమంటోంది!"

ఇంటికొచ్చి సిరిల్ కోటైనా విప్పకుండా వంటగదిలో కూలబడ్డాడు. జరిగిందంతా డోరీన్‌కి చెప్పాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"నువ్వు బ్రహ్మచెవిటివాడివని తెలుసు!" అంది డోరీన్ చెవి దగ్గర నోరు పెట్టి. "గోళ్లరంగు సంగతి తెలియదు. తెలిస్తే నా సీసాయే అందరికీ తలా కాస్త పోసిచ్చేదాన్ని." అని ఊరుకోలేక ఆయన తల నిమిరింది. పెళ్లికి ముందు ఆయన కారు చర్చి మలుపు తిరగకముందే చప్పుడు గుర్తుపట్టి తలుపు తీసేదావిడ. ఆ రోజుల్లో ఇద్దరికీ చెవులే చెవులు.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. పరువు పోయిందని కాదు. అందరూ కలిసి దాచిపెట్టిన పరువు పోయినా పెద్ద బాధ లేదు. గ్వెన్ గుర్తొస్తే మాత్రం పడుకోలేకపోయాడు. మొదటి రోజునించీ ఆమె సరిగ్గానే వింది. వెనకదే ఎక్కువ బుసకొడుతోంది. వెనకదాన్ని ఎడమచెవితోనే వింటున్నానని ఆయనకిప్పుడు తట్టింది. ఆ చెవి ముందే చచ్చిపోయింది కాబట్టి, వెనకదాని గొంతు పెంచి పెంచి, అది వినపడేసరికి సమానమనుకున్నాడు. అది తప్పు, ముసలితనం తప్పు, పోనీ. కానీ ఆమె నిజం చెబితే చెవి పండలేదన్నాడు. ఊళ్లో మిగిలిన ఒక్క మంచి చెవిని పట్టుకుని, విన్నది వినలేదని దానికి రెండేళ్లు నేర్పాడు. హోరేస్ దగ్గర్నించి తనకొచ్చినదాన్ని తనే చేతులారా పాడుచేశాడు. ఆ తలంపు ఆయన భరించలేకపోయాడు.

మర్నాడు షెడ్డులో పాత ఇంజనొకటి నడిపి, రెండు కార్బురేటర్లనీ కుడిచెవితోనే విని చూశాడు. ఎక్కడో చాలా దూరంలో ఏదో ఉందనిపించింది. ఎక్కువో తక్కువో తేల్చలేనంత దూరం. గొట్టం తీసి చెవి రుద్దుకుని మళ్లీ పెట్టాడు. ఈసారి ఆ మాత్రం కూడా లేదు. డెబ్భయ్యేడేళ్ల మనిషి స్టూలు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరైనా విని వస్తారేమోనన్న భయం కూడా లేకుండా ఏడ్చాడు.

శనివారం గ్వెన్ రాలేదు. అందుకని ఆయనే వెళ్లాడు. ఆమె పెరట్లో చిక్కుడు గింజలు నాటుతోంది. ఆయన్ని చూసి లేవలేదు.

"హాల్టన్ వాడికి ఫోన్ చేశాను!" అంది మట్టి చేతుల్తోనే. "మంగళవారం రమ్మన్నాడు. మీటరు పెట్టించుకుంటాను."

"సరే."

"మీటరు తప్పు చెప్పదుగా?"

"చెప్పదు."

"మరింకేం?"

సిరిల్ కర్రతో నేల గీకాడు. "మంగళవారానికి ముందు ఒక్క పూట నాకివ్వు అమ్మాయ్," అన్నాడు. "హోరేస్ విన్నాడు, నేను విన్నాను. ఆ రెండూ ఒకటైనప్పుడు ఎలా ఉంటుందో మీటరు వాడికి తెలియదు. వాడికి ముల్లు కనపడుతుంది, అంతే. నాకు అది మళ్లీ వినపడదు. నీకు వినపడుతుంది. నేను పాడుచేసింది నేను బాగుచేసుకోకుండా పోలేను."

గ్వెన్ ఇంకో చిక్కుడు గింజ గుంటలో వేసి మట్టి కప్పింది.

"ముప్పయ్యేళ్లు ఈ చెవుల్ని నమ్ముకుని బిడ్డల్ని బయటికి తీశాను," అంది చివరికి. "నువ్వు ఒక్కమాట అనేసరికి నమ్మడం మానేశాను. లెస్లీ పోయాక నాకు ఏదీ సరిగ్గా తెలియట్లేదేమో అనుకున్నాను. నాకు కోపం నీ మీద కాదు సిరిల్."

"ఏమిటీ?"

"నీ మీద కూడా ఉంది!" అని అరిచింది గ్వెన్. ఆ అరుపుకి పక్క పెరట్లో కుక్క మొరిగింది. ఇద్దరిలో ఒక్కరికే అది వినపడింది. ఆమె లేచి చేతులు దులుపుకుని గ్యారేజీ తలుపు తీసింది.

రైలీ ఇంజను మొదలైంది. గ్వెన్ గొట్టం చెవిలో పెట్టుకుంది. సిరిల్ స్టూలు జరుపుకుని స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు.

"వినపడింది వినపడినట్టు చెప్పు," అన్నాడు. "నాకు నచ్చేటట్టు చెప్పకు."

"ముందుది... పాలు తాగి పడుకున్న బిడ్డ ఊపిరిలా ఉంది!" అంది గ్వెన్. గొట్టం మార్చింది. "వెనకది జలుబు చేసిన బిడ్డలా ఉంది! గురగుర!"

సిరిల్ కళ్లు మూసుకున్నాడు. ఆ మాటలతో ఆ చప్పుళ్లని లోపల కట్టుకోవాలని చూశాడు. ముందుది వచ్చింది. వెనకది రాలేదు. స్క్రూ తిప్పాడు.

"ఇప్పుడు?"

"తగ్గింది! ఇంకా ఉంది!"

మళ్లీ తిప్పాడు. ఆమె వింది. మళ్లీ తిప్పాడు. అరవయ్యేళ్లుగా అదే పని చేసిన వేళ్లకి ఇక్కడ ఆగాలని తెలుసు. ఆగాయి.

"చాలు. ఒకటయ్యాయి," అన్నాడు సిరిల్.

"కాలేదు."

"నా చేతికి తెలుసు అమ్మాయ్. ఇంతకంటే తిప్పితే—"

"కాలేదు సిరిల్. నీ చేతికేం తెలుసు? ఇలా ఇవ్వు."

ఆమె ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో స్క్రూ. నొసలు చిట్లించలేదు. ఆయన మొహం వైపు చూడలేదు. తనని అలా కాదన్నందుకు సిరిల్‌కి ఒక్కసారిగా గుండె నిండిపోయింది. ఇప్పుడు హోరేస్ ఉంటే గుడ్డ భుజాన వేసుకుని టీ తాగడానికి పోయేవాడనిపించింది. ఆయన మాత్రం కదలలేకపోయాడు.

ఆమె స్క్రూ తిప్పింది. కంటికి తెలియనంతగా తిప్పింది. ముందుది వింది, వెనకది వింది. మళ్లీ ముందుది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగిపోయింది. మొహంలో బిగువంతా సడలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. గొట్టం చెవిలోంచి మెల్లగా తీసింది, ఇక దాని అవసరం లేనట్టు, గదంతా వినపడుతున్నట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లెస్లీ ఏటా ఇంటికెళ్లి నాలుగు రోజులు చెప్పుకున్నదేమిటో ఆమెకి తెలిసింది.

సిరిల్ ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆమె మీద చెప్పలేనంత ఈర్ష్య పుట్టింది. అంత సంతోషమూ కలిగింది. గ్యారేజీలో ఆయన వరకు చీమ చిటుక్కుమనడం లేదు. చెయ్యి చాచి ఇంజను మీద పెట్టాడు. అది వెచ్చగా ఉంది, కదులుతున్నట్టే లేదు.

గ్వెన్ కళ్లు తుడుచుకుంది. ఆయనకి ఏదో చెప్పబోయి, చెప్పలేక, ఇంజను ఆపడానికి తాళంచెవి వైపు చెయ్యి చాచింది.

"ఆపకు," అన్నాడు సిరిల్. "ఇంకాసేపు ఉండనీ."